మొదటి ఇండిపెండెంట్ సినిమా తీస్తున్నారా? అందరూ చేసే తప్పులు, వాటిని ఎక్కడికక్కడ ఆపే పద్ధతి

ఫస్ట్ సినిమా తీద్దాం అనుకున్న ప్రతివాళ్లూ ముందు అడిగేది ఏ కెమెరా తీసుకుందాం అనే. నేనూ అదే అడిగాను, నెల రోజులు లెన్సుల రివ్యూలు చూస్తూ కూర్చున్నాను. తీరా తీసింది వంటింట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు మాట్లాడుకునే సీన్. బొమ్మ చాలా బాగా వచ్చింది, కానీ ఎడిటింగ్‌కి కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఒక షాట్‌లో ఫ్రిజ్ మోటార్ మోగుతోంది, ఇంకో షాట్‌లో ఆగిపోయింది, కట్ పడిన ప్రతిచోటా ఆ గుర్రుమనే శబ్దం వస్తూ పోతూ ఉంది. డబ్బింగ్ చెప్పించాం గానీ వాళ్లలో ఒక అమ్మాయి సెట్‌లో నిజంగా ఏడ్చిన ఏడుపు స్టూడియోలో మళ్లీ రాలేదు. ఆ సీన్ చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆ తర్వాత నావీ, తెలిసినవాళ్లవీ చాలా సెట్లు చూశాను. మొదటి సినిమాలు టాలెంట్ లేక పాడవ్వడం తక్కువ, ముందే తేల్చుకోవాల్సిన విషయాన్ని సెట్ మీదకి వెళ్లాక చూసుకుందాంలే అని వదిలేసి పాడుచేసుకోవడమే ఎక్కువ. పదిమంది చేతులు కట్టుకుని నిలబడి ఉంటే అప్పుడు కూర్చుని ఆలోచించడం అంత ఖర్చైన పని ఇంకోటి లేదు. అందుకే ఏది ఎప్పుడు తేల్చుకోవాలో ఆ వరసలోనే రాస్తున్నా.

స్టెప్ 1: మీ దగ్గర ఉన్నవాటితో కథ రాయండి

కథ రాసేసి దానికి కావాల్సినవి వెతుక్కోవడం కాదు, ముందు మీకు దొరికేవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఏ ఇల్లు అడిగితే ఇస్తారు, ఏ ఆఫీసు సెలవు రోజు ఖాళీగా ఉంటుంది, మీకు తెలిసినవాళ్లలో నిజంగా నటించగలిగేవాళ్లు ఎవరు, వాళ్లకి ఏ రోజులు కుదురుతాయి. ఆ లిస్టులోంచి కథ పుట్టిస్తే సగం కష్టాలు అక్కడే పోతాయి.

క్రిస్టఫర్ నోలన్ మొదటి ఫీచర్ ఫాలోయింగ్, 1998లో వచ్చింది, అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లే కాబట్టి దాదాపు ఏడాది పాటు వీకెండ్లలో తీశారు. ఫిల్మ్ రీలు ఖరీదు కాబట్టి ముందే బాగా రిహార్సల్ చేసుకుని ఒకటి రెండు టేకుల్లో ఓకే చేసుకునేవాళ్లు. అంటే ఉన్న ఇబ్బందికి తగ్గట్టు పద్ధతి పెట్టుకున్నారు, ఇబ్బంది లేనట్టు నటించలేదు.

సామాన్యంగా స్క్రిప్ట్‌లో ఒక పేజీ అంటే తెర మీద ఒక నిమిషం అని లెక్క. కానీ ఆ లెక్కని నమ్మేసి వదిలేయకండి, నటులందర్నీ కూర్చోబెట్టి పైకి చదివించి ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి. మీరు పన్నెండు నిమిషాలు అనుకున్నది పంతొమ్మిది అని తేలితే అది కాగితం మీద ఉన్నప్పుడే తేలాలి. షార్ట్ ఫిల్మ్ అయితే ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. ఆస్కార్ రూల్స్‌లో టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల దాకా షార్ట్ ఫిల్మే, కానీ ఫెస్టివల్ వాళ్లు ఒక షోలో ఐదారు షార్ట్స్ కలిపి వేస్తారు కదా, పది పన్నెండు నిమిషాల సినిమాకి చోటు దొరికినంత తేలిగ్గా ముప్పై ఐదు నిమిషాల దానికి దొరకదు.

ఇంకోటి, రాత్రి ఔట్‌డోర్, వాన, జనం గుంపు, నడుస్తున్న కారులో డైలాగులు, చిన్నపిల్లలు, జంతువులు, వీటిలో ఏది వచ్చినా ఆ సీన్ పక్కన ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. వద్దనట్లేదు, కథకి ప్రాణం అదే అయితే ఉంచండి, కానీ అలాంటివి రెండు కంటే ఎక్కువుంటే మిగతావాటిని ఇంకోలా రాయగలరేమో చూడండి.

స్టెప్ 2: షెడ్యూల్ వేసేటప్పుడు గంటలు లెక్కపెట్టండి, ఆశలు కాదు

ఎక్కువ సినిమాలు మునిగేది ఇక్కడే. రోజుకి పది పేజీలు లాగేద్దాం అనుకుంటారు. చిన్న టీమ్‌తో, డైలాగ్ సీన్లకి, రోజుకి మూడు నుంచి ఐదు పేజీలు అయితేనే ఊపిరి తీసుకునే టైమ్ ఉంటుంది. ఎందుకో చెప్తా చూడండి. మీకు 12 గంటలు ఉన్నాయి అనుకుందాం. వచ్చి సామాను దింపి లైట్లు పెట్టి మేకప్ అయ్యేసరికి గంటన్నర, భోజనానికి గంట, చివర్లో సర్దుకోడానికి అరగంట, మిగిలింది తొమ్మిది గంటలు. కెమెరా ఒకచోట నుంచి ఇంకోచోటకి మార్చి లైటింగ్ సరిచేసి, రిహార్సల్ చేసి, మూడు నాలుగు టేకులు తీసేసరికి ఎంత స్పీడుగా చేసినా అరగంట. అంటే రోజుకి 18 సెటప్‌లు, అదీ అన్నీ సవ్యంగా జరిగితే. ఇప్పుడు మీ షాట్ లిస్ట్ తీసి చూడండి, ఒక్క రోజుకే 40 షాట్లు రాసుకుని ఉంటారు.

షాట్ లిస్ట్‌లో రెండు రకాలు పెట్టండి. ఇది లేకపోతే సీన్ అర్థం కాదు అనేవి ఒకవైపు, ఉంటే అందంగా ఉంటుంది అనేవి ఇంకోవైపు. ఎండ పోతున్నప్పుడు ఏది వదిలేయాలో అసిస్టెంట్ డైరెక్టర్ మిమ్మల్ని అడగాల్సిన పనే ఉండకూడదు. అసిస్టెంట్ డైరెక్టర్ అంటే టైమ్ చూసి గట్టిగా మాట్లాడగలిగే మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి, డైరెక్షన్ చేస్తూ గడియారం కూడా నేనే చూసుకుంటా అనుకుంటే రెండూ చెడతాయి.

వరస గురించి కూడా. ఒక లొకేషన్‌లో ఉన్న సీన్లన్నీ ఒకేసారి తీయాలి, అది అందరికీ తెలిసిందే. తెలియంది ఏంటంటే, మొదటి రోజు పొద్దున్నే క్లైమాక్స్ పెట్టకూడదు, అప్పటికి టీమ్‌లో ఒకరికొకరు అలవాటు పడి ఉండరు. ఆఖరి రోజు సాయంత్రం కూడా పెట్టకూడదు, అందరూ అలసిపోయి టైమ్ కూడా అయిపోతూ ఉంటుంది. మొదటి రోజు తేలికైన సీన్లు పెట్టి టైమ్‌కి ప్యాకప్ చెప్పండి, టీమ్‌కి మీ మీద నమ్మకం వస్తుంది. ఔట్‌డోర్ సీన్లు ముందు తీసి ఇండోర్ సీన్లు కొన్ని చేతిలో ఉంచుకోండి, వాన వస్తే లోపలికి వెళ్లిపోయి ఆ సీన్ తీసుకోవచ్చు.

ప్యాకప్‌కీ మర్నాడు కాల్ టైమ్‌కీ మధ్య 10 గంటలైనా ఉండాలి, 12 ఉంటే ఇంకా మంచిది. ఇది మర్యాద కోసం చెప్పట్లేదు, నిద్ర లేకుండా బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లే మనిషికి ఏదైనా అయితే ఆ షాట్ ఎంత బాగా వచ్చినా ఏం లాభం.

స్టెప్ 3: డబ్బు రెండు ముక్కలు చేయండి

షూటింగ్‌కే మొత్తం ఖర్చుపెట్టేసి ఎడిటింగ్, సౌండ్, కలర్ సంగతి తర్వాత చూద్దాం అనుకున్న సినిమాలు హార్డ్ డిస్కుల్లోనే ఉండిపోతాయి. పోస్ట్ ప్రొడక్షన్ డబ్బు మొదటిరోజే పక్కన పెట్టేయండి, దాన్ని ముట్టుకోకూడదు. మొత్తం మీద ఒక 10 శాతం అనుకోని ఖర్చుల కింద ఉంచండి, అది కచ్చితంగా అయిపోతుంది. ఎవరికీ డబ్బులివ్వలేకపోయినా సరే టైమ్‌కి మంచి భోజనం, రావడానికి పోవడానికి ఖర్చు మాత్రం ఇవ్వాలి, ఇందులో పొదుపు చేయొద్దు.

అందరూ మర్చిపోయేది స్టోరేజ్. మీ కెమెరా 400 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి 400 మెగాబిట్లు, రికార్డ్ చేస్తుంటే నిమిషానికి 3 జీబీ, గంటకి 180 జీబీ. నాలుగు రోజులు, రోజుకి రెండు గంటల ఫుటేజ్ అనుకుంటే దాదాపు ఒకటిన్నర టీబీ, మూడు కాపీలు అంటే దాదాపు నాలుగున్నర టీబీ. ఇది షూటింగ్ మధ్యలో తెలిస్తే ఏం చేస్తారు, పాత కార్డు ఖాళీ చేసేద్దాం అంటారు, అక్కడే ప్రమాదం.

స్టెప్ 4: రెక్కీకి (లొకేషన్ చూసి రావడానికి) చెవులతో వెళ్లండి

లొకేషన్ ఫొటోల్లో బాగుంది కదా అని ఓకే చేయకండి. ఏ టైమ్‌కి షూట్ చేస్తారో అదే టైమ్‌కి, కుదిరితే వారంలో అదే రోజున వెళ్లండి, మధ్యలో నిలబడి రెండు నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. పక్కింట్లో కట్టుబడి పని జరుగుతోందా, స్కూల్ గంట ఉందా, పైన విమానాలు వెళ్తాయా, జనరేటర్ ఎక్కడుంది. ఎండ ఏ కిటికీలోంచి ఎన్ని గంటలకి వస్తుంది, ఎన్నింటికి పోతుంది. ప్లగ్గులు ఎన్ని, ఆ వైరింగ్ మీ లైట్ల లోడ్ తట్టుకుంటుందా, బాత్రూమ్ ఉందా, బండ్లు ఎక్కడ పెట్టాలి. అక్కడి ట్యూబ్‌లైట్ల కింద ఫోన్‌తో కాదు, మీరు వాడబోయే కెమెరాతోనే ఒక నిమిషం తీసి పెద్ద స్క్రీన్ మీద చూడండి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట షటర్ 1/50, 60 ఉన్నచోట 1/60 పెడితే చాలావరకు ఫ్లికర్ (వెలుగు మినుకుమినుకుమనడం) రాదు, కానీ కొన్ని ఎల్ఈడీలు దేనికీ లొంగవు, వాటిని మార్చేయడమే.

స్టెప్ 5: కాగితాలు షూటింగ్‌కి ముందే

అందరూ ఫ్రెండ్సే కదా సంతకాలు ఎందుకు అనుకుంటారు. ఫ్రెండ్స్ కాబట్టే ముందు రాసుకోవాలి, తర్వాత గొడవ రాకుండా. ప్రతి నటుడి నుంచి రిలీజ్ ఫారమ్ (తన నటనని సినిమాలో వాడుకోవచ్చు అని సంతకం), లొకేషన్ ఓనర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి, కథ ఇంకొకరిదైతే వాళ్ల నుంచి హక్కుల కాగితం. రేపు ఎవరైనా మీ సినిమా కొందాం అన్నప్పుడు మొదట అడిగేది ఇవే.

మ్యూజిక్ విషయంలో చాలామందికి తెలియని సంగతి, ఒక పాటకి రెండు హక్కులు వేరువేరుగా ఉంటాయి, ఒకటి ఆ బాణీ సాహిత్యానిది, ఇంకోటి ఆ రికార్డింగ్‌ది. వందల ఏళ్ల నాటి సంగీతం కాబట్టి ఫ్రీ అనుకుంటారు. బాణీ ఫ్రీ కావచ్చు, కానీ మీరు డౌన్‌లోడ్ చేసిన ఆ రికార్డింగ్ పోయిన ఏడాది ఎవరో వాయించింది, దానికి వాళ్ల అనుమతి కావాలి. క్రియేటివ్ కామన్స్ అని రాసి ఉన్నా లైసెన్స్ పూర్తిగా చదవండి, మార్పులు చేయకూడదు అన్న షరతు ఉంటే దాన్ని వీడియోకి జోడించడం కూడా మార్పు కిందకే వస్తుంది. టైటిల్స్‌లో పేరు వేసేస్తే సరిపోతుంది అనేది పెద్ద అపోహ. ఎడిటింగ్‌లో టెంపరరీగా పెద్ద సినిమా మ్యూజిక్ పెట్టుకోకండి, నెల రోజులు అది విన్నాక మీ కంపోజర్ ఏం ఇచ్చినా మీకు నచ్చదు.

స్టెప్ 6: సౌండ్

నా మాట విని రెండో లెన్స్ డబ్బుతో సౌండ్ రికార్డిస్ట్‌ని పెట్టుకోండి. బొమ్మ కొంచెం గ్రెయిన్‌గా ఉన్నా, ఫోకస్ కాస్త అటూ ఇటూ అయినా చూసేవాళ్లు సర్దుకుంటారు, మాట వినపడకపోతే మాత్రం రెండు నిమిషాల్లో లేచిపోతారు. షాన్ బేకర్ తీసిన టాంజరీన్ 2015లో సన్‌డాన్స్ ఫెస్టివల్‌కి వెళ్లింది, ఐఫోన్ 5ఎస్‌తో తీశారని అందరూ చెప్పుకుంటారు, కానీ సౌండ్ ఫోన్‌లో తీయలేదు, దానికి విడిగా ప్రొఫెషనల్ పరికరాలే వాడారు. ఆ రెండో సగం ఎవరూ చెప్పరు.

మైక్ ఎంత ఖరీదైనది అన్నదానికంటే నోటికి ఎంత దగ్గరగా ఉంది అన్నదే ముఖ్యం. దూరం రెట్టింపైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గదిలో గోల మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి కెమెరా మీద పెట్టిన మైక్ కాదు, ఫ్రేమ్‌కి సరిగ్గా పైన బూమ్ (పొడుగు కర్రకి తగిలించిన మైక్) పట్టుకునే మనిషి కావాలి. కాలర్ మైక్ కూడా పెట్టండి, కానీ బట్టకి రాసుకునే చప్పుడు ముందే చెక్ చేయండి, కొన్ని చీరలూ జాకెట్లూ అస్సలు పనికిరావు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకోండి, మీటర్ మీద లెవెల్స్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడుతూ ఉండాలి, అరుపులకి కూడా జీరో తగలకూడదు. హెడ్‌ఫోన్స్ లేకుండా ఒక్క టేక్ కూడా రికార్డ్ చేయొద్దు, మీటర్ కదులుతోంది కదా అనుకుంటాం, ఆ కదిలేది గాలి అయ్యుండొచ్చు. విడిగా తీసిన సౌండ్‌ని తర్వాత బొమ్మతో కలపడానికి కెమెరాలో కూడా పైలట్ ట్రాక్ (గుర్తు కోసం మామూలు సౌండ్) రికార్డ్ అవ్వాలి, ప్రతి టేక్‌కీ క్లాప్ కొట్టాలి, క్లాప్ బోర్డ్ లేకపోతే చప్పట్లు అయినా సరే.

ఫ్రిజ్, ఏసీ, ఫ్యాన్, గోడ గడియారం ఆపండి. ఫ్రిజ్ ఆపేటప్పుడు మీ బండి తాళాలు అందులో పెట్టండి, ఇంటికి వెళ్లేటప్పుడు తాళాల కోసం తెరుస్తారు కాబట్టి మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు, చాలా మంది సౌండ్ వాళ్లు చేసే పని ఇది. గది ప్రతిధ్వనిస్తుంటే ఫ్రేమ్‌లో పడనిచోట దుప్పట్లు కట్టండి, కింద కూడా ఒకటి పరవండి.

సీన్ అయిపోగానే ఎవర్నీ కదలనివ్వకుండా అరనిమిషం నుంచి నిమిషం దాకా ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి, దాన్ని రూమ్ టోన్ అంటారు, ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు కనపడకుండా పూసేది అదే. ఏ డైలాగ్ మీదైనా అనుమానం ఉంటే నటులు ఇంకా ఆ మూడ్‌లో ఉండగానే కెమెరా లేకుండా దగ్గరగా మైక్ పెట్టి మాటలు మాత్రమే ఇంకోసారి చెప్పించండి. రెండు నిమిషాల పని. నేను ఆ రోజు ఈ రెండు నిమిషాలు ఖర్చుపెట్టి ఉంటే ఆ అమ్మాయి ఏడుపు నా దగ్గర ఉండేది.

స్టెప్ 7: షూటింగ్ రోజు

ఫ్రేమ్ రేట్ ఒకటే పెట్టుకోండి, 24 అంటే అందరికీ 24. మొబైల్‌తో తీస్తే ఫోన్‌లో వచ్చే మామూలు కెమెరా ఫ్రేమ్ రేట్‌ని తనంతట తానే మారుస్తూ ఉంటుంది, తర్వాత సింక్ తప్పుతుంది, కాబట్టి ఫ్రేమ్ రేట్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసే యాప్ వాడండి.

ఇద్దరు మాట్లాడుకునే సీన్‌లో వాళ్లిద్దరి మధ్య ఒక గీత ఉందనుకోండి, కెమెరా ఆ గీతకి ఒకవైపే ఉండాలి, దాటితే లుక్ తప్పుతుంది, ఒకరినొకరు చూసుకుంటున్నట్టు కాకుండా ఇద్దరూ ఒకే దిక్కుకి చూస్తున్నట్టు ఉంటుంది. మాస్టర్ షాట్ (సీన్ మొత్తం కనపడేది), సజెషన్లు (ఒకరి భుజం మీదుగా ఇంకొకరు), క్లోజప్‌లు అన్న వరస మంచిదే, కానీ మాస్టర్‌లోనే ఏడుపు సీన్ ఎనిమిది టేకులు తీసి క్లోజప్ వచ్చేసరికి నటుడి దగ్గర ఏమీ మిగలకుండా చేయొద్దు. అలాంటి సీన్‌లో క్లోజప్ ముందు తీసేయండి.

యాక్షన్ అనేముందు ఐదు సెకన్లు, నటన అయిపోయాక ఐదు సెకన్లు కెమెరా నడవనివ్వండి, కట్ అనడానికి తొందరపడకండి, ఆ ఆఖరి సెకన్లలో నటుడి ముఖంలో వచ్చేవి చాలాసార్లు సినిమాలో అందమైనవి అవుతాయి. చేతులు, గడియారం, తలుపు, టీ కప్పు, ఇలాంటి చిన్న చిన్న షాట్లు కూడా తీసి పెట్టుకోండి, డైలాగ్ కోసేటప్పుడు ఇవే కాపాడతాయి. కంటిన్యూటీకి (షాట్‌కీ షాట్‌కీ తేడా రాకుండా చూడ్డానికి) ఒక మనిషి, ప్రతి షాట్ చివర ఫోన్‌లో ఒక ఫొటో, గ్లాస్‌లో నీళ్లు ఎంత ఉన్నాయి, చొక్కా చేతుల మడత ఎక్కడ దాకా ఉంది అని.

స్టెప్ 8: కార్డు ఫార్మాట్ చేసే అధికారం ఒక్కరికే

మూడు కాపీలు, రెండు వేరువేరు రకాల స్టోరేజ్, అందులో ఒకటి వేరే ఇంట్లో. ఇది పాత పద్ధతి, ఇప్పటికీ ఇంతకంటే మంచిది లేదు. కార్డు లాగి డ్రాప్ చేసి కాపీ అయిపోయింది అనుకోకండి, చెక్‌సమ్‌తో, అంటే కాపీ అసలు ఫైల్‌తో అచ్చంగా సరిపోయిందా అని లెక్కకట్టి, సరిచూసే సాఫ్ట్‌వేర్ వాడండి, ఆపైన కొన్ని క్లిప్పులు తెరిచి చివరిదాకా ఆడించి చూడండి. నిండిన కార్డుకి టేపు అంటించి నంబర్ రాయండి. సెట్ మీద ఎంత తొందర ఉన్నా ఆ ఒక్క మనిషి సరే అనేదాకా ఎవరూ ఫార్మాట్ చేయకూడదు, డైరెక్టర్ కూడా.

స్టెప్ 9: ఎడిటింగ్

షూటింగ్ అయ్యాక వారం రోజులు ఫుటేజ్ జోలికి వెళ్లకండి. మొదటి కట్ చూసి ప్రతివాళ్లకీ గుండె జారిపోతుంది, సాగుతుంది, నటన బాలేదనిపిస్తుంది, అది మామూలే, అది సినిమా కాదు ఇంకా. ఎంత కష్టపడి తీశాం అన్న లెక్కతో షాట్లు ఉంచకండి, చూసేవాళ్లకి ఆ కష్టం తెలియదు. మీకు తెలియని నలుగురైదుగురికి చూపించండి, బాగుందా అని అడగొద్దు, కథేంటో చెప్పండి అని అడగండి, ఎక్కడ ఫోన్ చూడాలనిపించింది అని అడగండి. ముగ్గురు ఒకేచోట తడబడితే తప్పు అక్కడ ఉంది, లేదా దానికి ముందు సీన్‌లో ఉంది.

పిక్చర్ లాక్ (ఇక ఒక్క కట్ కూడా మార్చం అని తేల్చుకోవడం) అయ్యాకే సౌండ్, మ్యూజిక్, డీఐ (కలర్) వాళ్లకి ఇవ్వండి. లాక్ అయ్యాక ఒక్క షాట్‌లో పది ఫ్రేములు తగ్గించినా ఆ తర్వాత ఉన్నదంతా ముందుకి జరిగి సింక్ తప్పుతుంది, ముగ్గురి పని మళ్లీ మొదటికి.

స్టెప్ 10: బయటకి పంపేముందు

ఫెస్టివల్స్‌కి పంపే ఆలోచన ఉంటే సినిమా అయిపోయిన ఆనందంలో ఆన్‌లైన్‌లో పెట్టేయకండి, కొన్ని ఫెస్టివల్స్ ఇంకెక్కడా చూపించనిదే కావాలంటాయి, ఎక్కడికి పంపాలో ముందు లిస్ట్ రాసుకుని వాటి రూల్స్ చదివి ఆ వరసలో పంపండి. ఎంట్రీ ఫీజులు కూడా స్టెప్ 3 లో పెట్టిన డబ్బులోనే ఉండాలి, ఎర్లీ డెడ్‌లైన్‌కి పంపితే తక్కువ పడుతుంది. సబ్‌టైటిల్స్ తెరకి రెండు లైన్లు మించకుండా చేయించండి, భాష తెలియని ఒకరికి చూపించి చదవడానికి టైమ్ సరిపోతోందో లేదో చూడండి. టైటిల్స్ లేని వెర్షన్ ఒకటి, డైలాగులు లేకుండా మ్యూజిక్, ఎఫెక్ట్స్ మాత్రమే ఉన్న సౌండ్ ట్రాక్ ఒకటి మిక్స్ రోజే తీసి పెట్టుకోండి, తర్వాత అడిగితే ఆ ప్రాజెక్ట్ ఫైల్ ఎవరి దగ్గరా ఉండదు. పోస్టర్‌కి సెట్‌లో విడిగా తీసిన స్టిల్స్ కావాలి, వీడియోలోంచి ఆపి తీసిన ఫ్రేము పెద్దది చేస్తే మసకగా ఉంటుంది.

ఫైనల్ ఎక్స్‌పోర్ట్‌కి ముందు ఎండ్ టైటిల్స్ ప్రతి ఒక్కరికీ పంపి వాళ్ల పేరు వాళ్లనే సరిచూసుకోమనండి. డబ్బులు తీసుకోకుండా మూడు రాత్రులు బూమ్ పట్టుకుని నిలబడిన మనిషికి తెర మీద తన పేరు తప్పుగా పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. సినిమా పూర్తయ్యాక లింకు కూడా ముందు వాళ్లకే పంపండి, ఫెస్టివల్ వాళ్లకంటే ముందు.